బ్రూయింగ్ స్టాండులో పోయిన భాగాలకు బదులు అమర్చుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒకరు వాడిన స్టాండు కొనుక్కున్నవారికీ, ఇల్లు మారేటప్పుడు విప్పిన స్టాండును మళ్లీ బిగించబోయి నట్ల సంచీ కోసం వెతుక్కుంటున్నవారికీ ఈ పేజీ. స్టాండు అంటే ఇక్కడ ఇంట్లో బీరు కాచుకునేవారు వాడే ఇనుప చట్రం: నీళ్లు కాచే పాత్ర, మాల్టు నానబెట్టే మాష్ పాత్ర, వోర్ట్ (మాల్టు నుంచి దిగిన తీపి ద్రవం) మరిగించే పాత్ర, వాటి కింద బర్నర్లు, కొన్నింటికి పంపు. మెట్లు మెట్లుగా ఉండే పాత పద్ధతి స్టాండు అయినా, మూడు పాత్రలూ ఒకే వరుసలో ఉండేదైనా, కింద చెప్పినవాటిలో చాలా భాగం రెండింటికీ వర్తిస్తుంది.

పోయిన భాగం పేరే తెలియదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

స్టాండును శుభ్రంగా తుడిచి, వెలుతురులో పెట్టి, ఖాళీగా ఉన్న ప్రతి రంధ్రం చుట్టూ రంగును చూడండి. వాషర్ కూర్చున్న చోట రంగు నలిగి, వాషర్ అంచు గుండ్రటి గీతలా మిగిలిపోతుంది. ఆ గుండ్రం వ్యాసం 16 మిల్లీమీటర్లు ఉంటే అక్కడ ఉన్నది చాలావరకు ఎం8 బోల్టు, అంటే 8 మిల్లీమీటర్ల మందంది. 20 ఉంటే ఎం10. గుండ్రానికి బదులు చదరపు మచ్చ కనిపిస్తే అక్కడ బ్రాకెట్ ఉండేదని అర్థం. మచ్చ పక్కన మసి గీత ఉంటే అది బర్నర్ బ్రాకెట్టే. రంధ్రం గుండ్రంగా కాక కొద్దిగా కోలగా సాగి, అంచు మెరుస్తూ ఉంటే మాత్రం ఆగండి. అక్కడి బోల్టు చాలాకాలం వదులుగా ఆడిందన్నమాట, కొత్త బోల్టు ఒక్కటి వేస్తే సరిపోదు. రెండు వైపులా వెడల్పాటి వాషర్లు కావాలి, లేదా రంధ్రాన్ని వెల్డింగ్‌తో పూడ్చి మళ్లీ తొలవాలి.

మరో మాట. ఖాళీ రంధ్రాలన్నీ ఏదో పోయినట్టు కాదు. ఒకే చట్రాన్ని రెండు మూడు రకాల స్టాండ్లకు వాడుకునే తయారీదారులు అవసరం లేని రంధ్రాలు కూడా తొలిచేస్తారు. రంధ్రం చుట్టూ రంగు చెక్కు చెదరకుండా ఉంటే అక్కడ ఎన్నడూ ఏదీ బిగించలేదు. దాని కోసం వెతికి అలసిపోవద్దు.

తయారుచేసిన సంస్థనే అడగాలా, బయట దొరికేది వేసుకోవచ్చా?

పోయిన భాగం ఏ పని చేసేదో చూసి నిర్ణయించుకోండి. నేనైతే భాగాలన్నిటినీ నాలుగు కుప్పలు చేస్తాను: బరువు మోసేవి, గ్యాస్ పారేవి, వోర్ట్‌కు తగిలేవి, ఇవేవీ కానివి. మొదటి రెండు కుప్పల్లో సర్దుబాటుకు చోటు లేదు. లెక్క ప్రకారం సరైనదే ఉండాలి, అయితే దాని మీద ఫలానా సంస్థ ముద్రే ఉండనక్కరలేదు. మూడో కుప్పలో పదార్థం ముఖ్యం. నాలుగో కుప్పలో గొట్టం తగిలించే కొక్కెం, పేరు పలక, గరిటె వేలాడదీసే కమ్మీ లాంటివి వస్తాయి. వీటికి చేతికి దొరికింది వేసుకోండి, ఎవరూ ఏమీ అనరు.

సంస్థకు రాయాల్సి వస్తే స్టాండు మొత్తం ఫొటో ఒకటి, పోయిన చోట స్కేలు ఆనించి తీసిన ఫొటో ఒకటి పంపండి. ‘కుడివైపు బోల్టు పోయింది’ అని రాస్తే వారికీ ఏమీ తెలియదు. ఎవరికి కుడి అన్నది అక్కడే మొదటి చిక్కు.

బోల్టు సైజు కచ్చితంగా ఎలా కనుక్కోవాలి?

ఈ ఒక్క ప్రశ్న దగ్గరే ఎక్కువ మంది తప్పటడుగు వేస్తారు. స్టాండ్లలో కొన్ని మెట్రిక్ కొలతల్లో, మరికొన్ని అంగుళాల కొలతల్లో తయారవుతాయి. రెండు పద్ధతుల్లోనూ కంటికి ఒకేలా కనిపించే బోల్టులు ఉన్నాయి. 5/16 అంగుళాల బోల్టు మందం 7.94 మిల్లీమీటర్లు, ఎం8 మందం 8. నిజానికి ఏ బోల్టయినా చెప్పిన సైజు కన్నా పిసరంత సన్నగానే తయారవుతుంది కాబట్టి వెర్నియర్ కాలిపర్ పెట్టి మందం కొలిచినా ఈ రెండింటినీ విడదీయలేరు.

విడదీసేది మరల మధ్య దూరం. ఎం8 సాధారణ బోల్టులో ఒక మరకూ తర్వాతి మరకూ మధ్య దూరం 1.25 మిల్లీమీటర్లు. 5/16 ముతక మరలో అంగుళానికి 18 మరలు, అంటే ఒక్కోటి 1.41. ఒక్క మరను కొలవడం కష్టం, పది మరలను కొలవడం తేలిక. స్కేలు ఆనించి పది మరల దూరం చూడండి. పన్నెండున్నర వస్తే ఎం8, పద్నాలుగు దాటితే 5/16. బోల్టు తల కూడా సాక్ష్యం చెబుతుంది: ఎం8 తలకు 13 మిల్లీమీటర్ల స్పానర్ సరిగ్గా పడుతుంది, 5/16 తల అర అంగుళం కాబట్టి అదే స్పానర్ కొంచెం ఆడుతుంది.

ఇదే తగాదా 1/4 అంగుళానికీ ఎం6కూ, 3/8కూ ఎం10కూ మధ్య కూడా ఉంది, కానీ అక్కడ మందంలో తేడా కాలిపర్‌కు దొరుకుతుంది. తప్పు నట్టు రెండు మూడు చుట్లు హాయిగా తిరిగి తర్వాత బిగుసుకుంటుంది. ‘గట్టిగా పట్టింది’ అని సంతోషించి స్పానర్ వేస్తే మరలు చెడతాయి. సరైన నట్టు చివరిదాకా చేత్తోనే తిరగాలి.

బోల్టు కూడా పోయి రంధ్రం మాత్రమే మిగిలితే? అది మర లేని రంధ్రమైతే మీ ఇష్టం. 9 మిల్లీమీటర్ల రంధ్రంలో ఎం8 వేసుకోవచ్చు, 5/16 కూడా వేసుకోవచ్చు. మర ఉన్న రంధ్రమైతే అదే స్టాండులో మిగిలి ఉన్న బోల్టు ఒకటి విప్పి, దాన్ని ఆ రంధ్రంలో చేత్తో తిప్పి చూడండి. సమాధానం పక్క కాలికే బిగించి ఉంటుంది.

స్టెయిన్‌లెస్ బోల్టులే వేయాలా?

మంటకు దూరంగా, తడి తగిలే చోట స్టెయిన్‌లెస్ మంచిది. మామూలు ఉక్కు బోల్టు కూడా బరువు మోస్తుంది, తుప్పు పట్టడమే దాని లోపం. తల మీద 8.8 అని ఉన్న మెట్రిక్ బోల్టు బలానికి ఢోకా లేదు.

బర్నర్ దగ్గర మాత్రం జింకు పూత ఉన్నదేదీ వద్దు. తెల్లగా మెరిసే చవక బోల్టులు, గాల్వనైజ్డ్ పైపులు, జీఐ రేకులు, అన్నీ ఇందులోకే వస్తాయి. జింకు 420 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, 907 దగ్గర మరుగుతుంది. గ్యాస్ మంట ఈ రెండింటినీ దాటేస్తుంది. ఆ పొగ పీలిస్తే కొన్ని గంటల తర్వాత చలి, జ్వరం, ఒళ్లు నొప్పులు వస్తాయి. వెల్డింగ్ చేసేవారికి ఇది బాగా తెలిసిన జబ్బు. ఉన్న పూతను మీరే కాల్చేద్దామనో, యాసిడ్‌తో తీసేద్దామనో అనుకోవద్దు. పూత లేని బోల్టు ఎక్కడైనా దొరుకుతుంది.

స్టెయిన్‌లెస్ బోల్టుకు స్టెయిన్‌లెస్ నట్టే వేసినప్పుడు ఒక పేచీ ఉంది. వేగంగా తిప్పితే మరలు రాపిడికి ఒకదానికొకటి అతుక్కుపోతాయి, ఇక ముందుకూ వెనక్కూ కదలవు, కోయాల్సిందే. పవర్ డ్రైవర్ పక్కన పెట్టి, మరలు అతుక్కోకుండా ఆపే యాంటీసీజ్ పేస్టు కాస్త పూసి, నెమ్మదిగా స్పానర్‌తో బిగించండి. వోర్ట్ పడే చోట ఆ పేస్టు వాడకూడదు.

చక్రం ఒకటి పోయింది. ఎంత బరువు మోసేది తీసుకోవాలి?

లెక్క వేద్దాం. లీటరు నీరు కిలో. 50 లీటర్ల పాత్ర నిండితే పాత్ర బరువుతో కలిపి 60 కిలోలు అనుకోండి. అలాంటివి మూడు 180. స్టాండు, బర్నర్లు, పంపు కలిపి మరో 40. మొత్తం 220 కిలోలు. దీన్ని నాలుగుతో భాగించి 55 కిలోల చక్రం కొనేస్తారు చాలామంది. నేల ఎక్కడా అద్దంలా సమంగా ఉండదు. ఎగుడుదిగుడు నేల మీద నాలుగు చక్రాల్లో ఒకటి తేలిపోతుంది, బరువంతా మూడింటి మీద పడుతుంది. మూడుతో భాగిస్తే 73. కాబట్టి ఒక్కోటి 100 కిలోలు మోసేది తీసుకుంటే నిశ్చింత.

పోయింది ఒకటే అయినా మిగతా మూడు ఏ ఎత్తులో ఉన్నాయో కొలవండి. చక్రం వ్యాసాన్ని నమ్ముకోకుండా, నేల నుంచి బిగించే పలక దాకా మొత్తం ఎత్తు చూడండి. ఇక్కడ 3 మిల్లీమీటర్ల తేడా వస్తే స్టాండు కుంటుతుంది. అదే ఎత్తు దొరకకపోతే నాలుగూ మార్చేయడమే మేలు, పలకల కింద వాషర్లు పేర్చడం కన్నా.

పలకతో బిగించే చక్రాలు, కాడతో గొట్టంలోకి దిగే చక్రాలు అని రెండు రకాలున్నాయి. కాడ రకానికి చదరపు పైపు లోపలి కొలత కావాలి. 50 మిల్లీమీటర్ల పైపైనా గోడ మందాన్ని బట్టి లోపల 46 ఉండవచ్చు, 44 ఉండవచ్చు. బ్రేకు ఉన్నవి కనీసం రెండు, అవి ఎదురెదురు మూలల్లో ఉండాలి. వేడి వోర్ట్ ఉన్నప్పుడు చక్రాలున్న స్టాండును అంగుళం కూడా జరపకూడదు. చక్రాలు ఖాళీ స్టాండును మూలకు నెట్టడానికే.

చక్రాలు వద్దనుకుంటే మరతో ఎత్తు సర్దుకునే పాదాలు వేసుకోండి. మెట్ల స్టాండుకు నా ఓటు వీటికే. పై పాత్ర మనిషి తల ఎత్తులో ఉంటుంది, దాని కింద చక్రాలు ఉండటం నాకు నచ్చదు.

బర్నర్ బ్రాకెట్ కొత్తగా చేయించుకోవచ్చా?

చేయించుకోవచ్చు. వెల్డింగ్ తెలిసిన ఎవరికైనా అరపూట పని. 3 మిల్లీమీటర్లకు తగ్గని మైల్డ్ స్టీలు పట్టీ చాలు. అసలు విషయం ఎత్తు. బర్నర్ పైభాగానికీ పాత్ర అడుగుకూ మధ్య ఖాళీ ఇంత అని అన్ని బర్నర్లకూ ఒకే అంకె లేదు. నీలం మంటలో లోపల కనిపించే ముదురు నీలం మొనలు పాత్ర అడుగును తాకకుండా, దానికి కాస్త కిందే ఆగాలి. మొనలు తాకితే మంట చల్లబడి పూర్తిగా మండదు. పాత్రకు మసి పడుతుంది, కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. మరీ దూరమైతే వేడి పక్కలకు పోయి, కుళాయినీ దాని పిడినీ కాలుస్తుంది.

అందుకే బ్రాకెట్‌లో గుండ్రటి రంధ్రాలకు బదులు పొడవాటి నిలువు రంధ్రాలు పెట్టించండి. బర్నర్‌ను పైకీ కిందికీ జరిపి, మంటను చూసి, అప్పుడు బిగించుకోవచ్చు. పోతపోసిన ఇనుప బర్నర్లను బిగించేటప్పుడు బలం చూపించకండి, వాటి చెవులు పుటుక్కున విరుగుతాయి. వేడికి బర్నర్ సాగడానికి రవ్వంత సందు కూడా ఉండాలి.

బర్నర్ జెట్ పోయింది. రంధ్రం తొలిచి చేసుకోవచ్చా?

వద్దు. జెట్ అనేది గ్యాస్ ఎంత వెళ్లాలో నిర్ణయించే ఇత్తడి ముక్క. దాని రంధ్రంలో మిల్లీమీటరులో పదోవంతు తేడా కూడా మంటను మార్చేస్తుంది. బర్నర్ రకం, గ్యాస్ రకం, రెగ్యులేటర్ పీడనం, ఈ మూడూ చెప్పి దానికి తగ్గ జెట్ కొనాలి.

గ్యాస్ రకం ఎందుకంటారా? ఒకే పరిమాణంలో సిలిండర్లలో వచ్చే ప్రొపేన్ ఇచ్చే వేడి పైపుల్లో వచ్చే సహజ వాయువు ఇచ్చే వేడికి సుమారు రెండున్నర రెట్లు. అందువల్ల సహజ వాయువు జెట్‌కు పెద్ద రంధ్రం ఉంటుంది. ఆ జెట్‌కు సిలిండర్ తగిలిస్తే మంట పాత్ర అంచులు దాటి పైకి లేస్తుంది.

జెట్ ఉంది, అయినా మంట పసుపుపచ్చగా వస్తోంది. ఇంకేదైనా పోయిందా?

గాలి మూత పోయి ఉండవచ్చు. జెట్ వెనుక గుండ్రటి పలక, చిన్న స్ప్రింగు, పొడవాటి బోల్టు కలిసి ఉంటాయి. పలకను తిప్పితే లోపలికి పోయే గాలి పెరుగుతుంది, తగ్గుతుంది. స్ప్రింగు పోతే పలక వణుకుకు తనంతట తానే తిరిగిపోతుంది, మంట ఒక్కోసారి ఒక్కోలా వస్తుంది. స్ప్రింగు మాత్రమే దొరికితే చాలు.

మూత ఉన్నా పసుపుపచ్చ మంట వస్తే గొట్టం లోపలికి టార్చి వేసి చూడండి. చాలాకాలం వాడని బర్నర్ గొట్టంలో సాలీళ్లు గూళ్లు కడతాయి, గాలి ఆగిపోతుంది. సీసాలు కడిగే బ్రష్షు ఒకటి చాలు.

రెగ్యులేటర్, గ్యాస్ గొట్టం వంటగదివి వాడుకోవచ్చా?

కుదరదు, కారణం పీడనమే. వంటగదిలోలాంటి తక్కువ పీడనం ప్రొపేన్ రెగ్యులేటర్ సుమారు 28 మిల్లీబార్ల దగ్గర పనిచేస్తుంది. పెద్ద బ్రూయింగ్ బర్నర్లలో చాలావాటికి 20 పీఎస్ఐ, అంటే సుమారు 1.4 బార్ దాకా ఇచ్చే రెగ్యులేటర్ ఉంటుంది. అది దాదాపు 50 రెట్లు. తక్కువ పీడనానికి చేసిన గొట్టాన్ని ఎక్కువ పీడనం వైపు తగిలించడం ప్రమాదం. వంటగది రెగ్యులేటర్‌ను పెద్ద బర్నర్‌కు తగిలిస్తే మంట చాలక నీళ్లు మరగవు. బర్నర్ మీదో దాని కాగితంలోనో రాసి ఉన్న పీడనాన్ని చూసి, గొట్టం, రెగ్యులేటర్ రెండూ దానికి సరిపడేవి కొత్తవే కొనండి. పాత గొట్టం వంచినప్పుడు పైపొరలో పగుళ్లు కనిపిస్తే అది ఇంకా లీకు కాకపోయినా పారేయాల్సిందే.

బిగింపులో రెండు పద్ధతులుంటాయి. కోసుగా సన్నబడే మర ఉన్న చోట గ్యాస్‌కు వాడే పసుపు టేపు చుట్టాలి. గరాటులా విచ్చుకున్న మూతి లోహానికి లోహం ఆనుకునే ఫ్లేర్ బిగింపుకు టేపు చుట్టకూడదు. అక్కడ గ్యాస్‌ను ఆపేది మర కాదు, ఆ వాలు ముఖం. టేపు ముక్క మధ్యలో ఇరుక్కుంటే లీకును మీరే తయారుచేసినట్టు.

బిగించాక బర్నర్ కుళాయి మూసి, సిలిండర్ తెరిచి, ప్రతి అతుకు మీదా సబ్బు నీళ్ల నురుగు రాయండి. బుడగ పెరుగుతుంటే లీకు. అగ్గిపుల్లతో పరీక్షించేవారు ఇంకా ఉన్నారు, వారి పక్కన నిలబడకండి. ప్రొపేన్ గాలి కన్నా ఒకటిన్నర రెట్లు బరువు, లీకైతే నేల వెంబడి పాకి పల్లంలో చేరుతుంది. ఈ బర్నర్లన్నీ ఆరుబయట వాడేవే.

పంపు ఉంది, దాని బ్రాకెట్ లేదు. ఎక్కడ బిగించాలి?

అన్ని పాత్రల కుళాయిల కన్నా కింద. అయస్కాంతంతో తిరిగే బ్రూయింగ్ పంపులు నీటిని తమంతట తాము పైకి లాక్కోలేవు, నీరే వాటి నోట్లోకి దిగాలి. వేడి తగలకుండా బర్నర్‌కు పక్కగా, మధ్యలో రేకు అడ్డం పెట్టి బిగించండి. ధారను తగ్గించాలంటే కుళాయి పంపు బయటి గొట్టానికే ఉండాలి, లోపలికి వచ్చే వైపు మూస్తే పంపు ఎండిపోయి పాడవుతుంది.

పాత పంపు గరగర శబ్దం చేస్తుంటే ముందు భాగం విప్పి చూడండి. లోపల తిరిగే రెక్కల చక్రానికి (ఇంపెల్లర్) ఒత్తిడి ఆపే చిన్న వాషర్ ఒకటి ఉంటుంది. కడిగేటప్పుడు సింకులో జారిపోయేది ఇదే. దీన్ని మాత్రం పంపు మోడల్ చెప్పి ఆ సంస్థదే తెప్పించుకోండి.

కుళాయి అతుకు మర సరిపోయింది, అయినా కారుతోంది. ఎందుకు?

అమెరికా పద్ధతి ఎన్‌పీటీ మరకూ, బ్రిటిష్ పద్ధతి బీఎస్‌పీ మరకూ పెళ్లి చేశారేమో చూడండి. అర అంగుళం, ముప్పావు అంగుళం సైజుల్లో రెండింటికీ అంగుళానికి 14 మరలే, అందుకే ఒకదానిలో ఒకటి ఎక్కుతుంది. మర కోణం మాత్రం ఒకదానికి 60 డిగ్రీలు, మరోదానికి 55. ఎంత టేపు చుట్టినా ఎప్పటికో ఒకప్పటికి కారుతుంది. స్టాండు ఒక దేశంలో, కుళాయి మరో దేశంలో తయారైనప్పుడు ఇది మామూలే. టేపు మీద టేపు చుట్టకుండా ఒకవైపు భాగాన్ని మార్చండి, లేదా రెండు పద్ధతులనూ కలిపే అడాప్టర్ వేయండి.

అంచుకు అంచు ఆనించి క్లాంపుతో బిగించే ట్రైక్లాంపు బిగింపులున్నవారికి ఒక ఊరట: ఒక అంగుళం, ఒకటిన్నర అంగుళం సైజుల అంచు వ్యాసం ఒకటే, 50.5 మిల్లీమీటర్లు. కాబట్టి ఒకే క్లాంపు రెండింటికీ పడుతుంది, గాస్కెట్ మాత్రం గొట్టం లోపలి సైజును బట్టి తీసుకోవాలి. వోర్ట్ తగిలే రింగులు, గాస్కెట్లు ఆహారానికి పనికొచ్చే సిలికాన్‌వి అయి ఉండాలి. నల్ల రబ్బరు వాషర్ వేడికి వాసన వదులుతుంది, ఆ వాసన బీరులో దాక్కోదు.

పోయిన ముక్కను 3డి ప్రింటర్‌తో చేసుకోవచ్చా?

నాలుగో కుప్పలోనివి చేసుకోండి. పీఎల్‌ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, అది మాష్ ఉష్ణోగ్రత కన్నా తక్కువ. పీఈటీజీ 80 దాకా ఆగుతుంది. మంట దరిదాపుల్లో రెండూ పనికిరావు. పోయిన బ్రాకెట్ నమూనాను ముందు ప్లాస్టిక్‌లో ముద్రించి, స్టాండుకు ఆనించి కొలతలు సరిచూసుకుని, తర్వాత ఇనుములో చేయించుకోవడం మాత్రం చక్కటి ఉపాయం.

ఇనుప కాలికి బదులు చెక్క?

బర్నర్ లేని, విద్యుత్ హీటర్ పాత్రల స్టాండుకు సరే. మంట ఉన్నదానికి వద్దు.

కొత్త భాగానికి ఏ రంగు వేయాలి?

మంటకు దగ్గరైతే 600 డిగ్రీలు తట్టుకునే స్టవ్ పెయింటు. దాన్ని పలచగా పూసి, డబ్బా మీద చెప్పినట్టు మెల్లగా వేడి చేసి ఆరనివ్వాలి, లేకపోతే మొదటి కాపులోనే పొలుసులుగా లేస్తుంది. బర్నర్‌కు ఎదురుగా ఉండే చోట ఏ రంగూ ఎక్కువకాలం నిలవదు. అక్కడ నూనె గుడ్డతో తుడుచుకుంటూ ఉండటమే.

అన్నీ బిగించాను. నేరుగా కాపు మొదలుపెట్టవచ్చా?

ముందు నీళ్లతో. పాత్రలు ఖాళీగా ఉన్నప్పుడు రసమట్టం పెట్టి చూడండి. తర్వాత అన్నిటినీ చన్నీళ్లతో అంచుదాకా నింపి, గంటసేపు వదిలేసి, మళ్లీ రసమట్టం పెట్టండి. బుడగ పక్కకు జరిగితే ఏదో కాలు కుంగుతోంది, లేదా ఏదో బోల్టు జారుతోంది. పాత్రను పక్క నుంచి చేత్తో కొద్దిగా నెట్టి చూడండి. స్టాండు ఊగితే మూలల్లో అడ్డపట్టీ పోయి ఉంటుంది. నిలువు బరువు మోయడానికి అది అక్కరలేదు గనక దాన్ని ఎవరూ పట్టించుకోరు, పక్కకు పడిపోకుండా ఆపేది మాత్రం అదే.

ఆ తర్వాత మంట వెలిగించి ఒక పాత్ర నీళ్లు మరిగించండి. పూర్తిగా చల్లారాక బోల్టులన్నిటికీ మరోసారి స్పానర్ వేయండి. వేడికి సాగి చల్లారి ముడుచుకున్నప్పుడు కొన్ని వదులవుతాయి, ముఖ్యంగా బర్నర్ బ్రాకెట్‌వి. లాక్ నట్లు వేయాలనుకుంటే అక్కడ లోపల నైలాన్ ఉన్నవి వద్దు, అది కరిగిపోతుంది. పూర్తిగా లోహంతో చేసినవి తీసుకోండి.